ఆఖరి రీలులో తుమ్ము

స్టూడియో, సౌండు గది
ఫిబ్రవరి 9

మా విప్పుడుకాయకి,

వదిన ఆశీస్సులు. ఇక్కడ మేము కులాసా, అక్కడ నువ్వూ కులాసా అని మొదలుపెడదామంటే, ఆ ముక్కకి కూడా రెండు పక్షాల లాయర్లు సంతకం పెట్టాలేమోనని భయం వేసింది. కాగితం మీద ఎందుకు రాస్తున్నానా అనుకుంటున్నావు కదూ? నిన్న మా స్టూడియో లాయరుగారు అందరినీ కూర్చోబెట్టి, తాళం చట్టం సంగతి తేలేదాకా మా మెయిళ్ళూ ఫోను సందేశాలూ అన్నీ తీసి ఉంచుతామనీ, అవతలి పక్షం అడిగితే చూపించాల్సి రావచ్చనీ చెప్పారు. అవతలి పక్షమంటే మీ రికార్డర్ల కంపెనీలన్నీ. చిన్నప్పటి నుంచీ కనిపించినదల్లా విప్పి చూసే నువ్వేమో ఆ యంత్రాలు తయారుచేసేదానివి. వదినా ఆడపడుచులు ఎడమొహం పెడమొహం కావడానికి చట్టసభ పూనుకోవాల్సి వచ్చిందని మీ అన్నయ్య ఒకటే నవ్వు.

మా వాళ్ళు అడుగుతున్నది నీకు తెలియంది కాదు. సినిమా శబ్దంలో చెవికి అందని ముద్ర ఒకటి వేస్తారు. రికార్డు చేసే ప్రతి యంత్రమూ ఆ ముద్ర వినగానే ఆగిపోవాలి, అదే తాళం. ఆగని యంత్రాన్ని అమ్మినా నేరమే, ఆగేదాన్ని విప్పి మార్చినా నేరమే. నేను మా వాళ్ళ వైపే, దాచుకోను. పాత సినిమా శబ్దం బాగుచేయడమంటే బియ్యంలో రాళ్ళేరడమే. ఏడాదిపాటు ఏరిన సినిమా, విడుదలైన వారానికి రోడ్డు పక్క గోనెపట్టా మీద దొంగ కాపీలై కనిపిస్తే కడుపు మండదా మరి?

ఏప్రిల్లో చట్టసభ ఉపసంఘం ముందు నన్ను సాక్ష్యం చెప్పమంటున్నారు. లాయరుగారు వాక్యం కూడా రాసిచ్చారు. 'ఇళ్ళలో తీసుకున్న కాపీ వల్ల ఏ సినిమాకీ ఏనాడూ మేలు జరగలేదు' అని. ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో ఉన్నదాన్ని, గడియారాల మేస్త్రీ సినిమాని బతికించి బహుమతి తెచ్చుకున్నదాన్ని కాబట్టి నేను చెబితే చెల్లుతుందట. ఇంకా సరేననలేదు. నువ్వేమంటావు?

నీ వదిన


కంపెనీ, పరీక్షల గది
ఫిబ్రవరి 17

వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి మా గదిలో అందరూ మూగారు. స్టాంపు అంటించిన కవరు చూసి ఎన్నేళ్ళయిందో వాళ్ళకి. లోపల ఏముందని అడిగితే మా వదిన చివాట్లు అని చెప్పాను, నమ్మేశారు.

నువ్వు నాకు శత్రువువి కాబట్టి ఒక రహస్యం చెబుతాను. ఆ తాళం పెట్టిన యంత్రం ఒకటి తయారుచేయమని మా వాళ్ళు నాకే అప్పజెప్పారు. అదెంత మొండిగా ఉంటుందో ఉపసంఘానికి చూపించాలట. మొండిదే, కానీ వదినా, చక్కగా పనిచేస్తోంది. వంద శబ్దాల మధ్య మీ ముద్రని టక్కున పట్టేస్తోంది. వ్యతిరేకించాల్సిన వస్తువుని ఇంత బాగా ఎందుకు చేశావని మా మేనేజరు నన్ను కసురుకున్నారు. చేతకాక చెడగొట్టడం వేరు, తెలిసి చెడగొట్టడం వేరు, రెండోది నావల్ల కాదన్నాను.

నీ వాక్యం చదివితే నా మొదటి నేరం గుర్తొచ్చింది. నువ్వు మా ఇంటికి రాకముందు సంగతి. నాకు తొమ్మిదేళ్ళు. ఆ గడియారాల మేస్త్రీ సినిమానే టీవీలో వేశారు. టీవీ ముందు పీట వేసి, దాని మీద టేప్ రికార్డరు పెట్టి, ఎర్ర మీట నొక్కి, కిక్కురుమంటే ఒప్పుకోనని ఇంటిల్లిపాదినీ బెదిరించాను. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని మరీ కూర్చున్నాడు. సినిమా చివర గడియారాలన్నీ ఒక్కొక్కటే ఆగిపోయి అంతా నిశ్శబ్దం అయిపోతుందే, సరిగ్గా అక్కడ తుమ్మాడు. ఆ తుమ్ము నీకు తెలుసు, వీధి చివర కుక్కలు లేచేవి. ఎవరు తుమ్మినా నాయనమ్మ 'చిరంజీవ' అనేది కదా, ఆ అలవాటు నాకూ అంటింది. 'చిరంజీవ నాన్నా' అన్నాను. తండ్రిని దీవించిన కూతుర్నని ఏడాదిపాటు ఏడిపించారు. ఒంటి తుమ్ము మంచిది కాదు, ఇంకోటి తుమ్మరా అబ్బాయ్ అని నాయనమ్మ ఎప్పుడూ ఆయన వెంటపడేది. ఆయనకి జన్మలో రెండోది రాలేదు.

నాన్న పోయాక ఇల్లు మారినప్పుడు ఆ క్యాసెట్ల పెట్టె ఎటు పోయిందో. నువ్వు బాగుచేసిన సినిమా కూడా నేనింకా చూడలేదు, ధైర్యం చాల్లేదు. ఇప్పుడు చూడక తప్పదు. మీ ముద్ర వేసిన మొదటి డిస్కు అదేనట కదా, పరీక్షకి ఒకటి పంపుతావా? సాక్ష్యం సంగతి నన్నడగకు. నీ పని మీద నీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?

నీ విప్పుడుకాయ


స్టూడియో
ఫిబ్రవరి 25

చిరంజీవికి,

డిస్కు పంపుతున్నాను. ముద్ర మొదటి నుంచి చివరి దాకా ఉంది, నీ పరీక్షకి పనికొస్తుంది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మీ అన్నయ్యకి జలుబు తగ్గింది. ఆ పెట్టె సంగతి తరవాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

వదిన


ఇల్లు, భోజనాల బల్ల
మార్చి 6

వదినా,

ఐదు వాక్యాల ఉత్తరం రాశావు, అందులో ఒకటి అన్నయ్య జలుబు. నీకు ఒంట్లో బాగానే ఉందా?

సినిమా చూశాను. మామూలు చెవులతో ఒకసారి, వృత్తి చెవులతో మూడుసార్లు. ఇన్నాళ్ళూ నువ్వు చేసే పని నాకు సగమే అర్థమైందని ఒప్పుకుంటున్నాను. మేస్త్రీ కొట్టులో నలభై గడియారాలు ఉంటాయి, ఏది గోడదో ఏది బల్ల మీదిదో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఆయన కూతురు మెట్లు దిగుతుంటే నాలుగో మెట్టు కిర్రుమంటుంది. ఆ కిర్రు తీసేయడం నీకు ఎంతసేపు? తీయలేదు. అది మెట్టు చప్పుడు, టేపు చప్పుడు కాదని నీకు తెలుసు. మా గదిలో పదకొండుమంది ఇంజినీర్లం ఉన్నాం, ఆ తేడా పట్టే యంత్రం మాలో ఎవరికీ చేతకాదు.

కానీ ఒకటి అడగాలి. ఆఖరి గడియారం ఆగాక తొమ్మిది సెకన్ల నిశ్శబ్దం ఉంది. నా చెవికి ఏమీ తెలియలేదు. తెర మీద గీతలుగా పెట్టి చూస్తే మధ్యలో రెండు సెకన్ల ముక్క ఒకటి, దానికి ముందూ వెనకా ఉన్నదానితో కలవడం లేదు. ఎక్కడిదో వేరే నిశ్శబ్దం కోసుకొచ్చి అక్కడ అతికించావు. అతుకు ఎంత సన్నంగా ఉందంటే, చూసి లేచి నిలబడ్డాను.

అక్కడ అంతకుముందు ఏముండేది వదినా?

విప్పుడుకాయ


ఇల్లు
మార్చి 14

నిశ్శబ్దానికి అతుకు కనిపెట్టినదానా,

పేరు సార్థకం చేసుకున్నావు. చివరికి నా పనిని కూడా విప్పేశావు. ఇక దాచి లాభం లేదు.

అక్కడ మావయ్యగారి తుమ్ము ఉండేది.

ఆ సినిమా బొమ్మ మొత్తం దొరికింది కానీ, ఆఖరి రీలు శబ్దం పోయింది. డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన, లోపల ఫిల్మంతా ఒకటే ముద్ద. పదకొండు నిమిషాలు. హాళ్ళ గోదాముల్లో వెతికించాను, సేకరించేవాళ్ళని అడిగాను. టీవీ వాళ్ళు తమ టేపు మీద ఎప్పుడో ఆటల పోటీ రికార్డు చేసేశారట. అప్పుడే మావయ్యగారు పోయారు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీ అన్నయ్య తెచ్చిన సామానులో ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఒక క్యాసెట్ మీద పిల్ల చేతిరాత. 'ముట్టుకుంటే చేతులు విరుగుతాయి' అని.

ముట్టుకున్నాను. పదకొండు నిమిషాలూ ఉన్నాయి. మీ ఇంటి ఫ్యాను చప్పుడు తీయడానికి నాలుగు నెలలు పట్టింది. అంత పాత టేపులో ఒక్క గడియారం కూడా పోలేదు, పీట సరిగ్గా ఎక్కడ వేయాలో తొమ్మిదేళ్ళకే నీకు తెలుసు. చివర ఆయన తుమ్మారు, నువ్వు దీవించావు. హెడ్‌ఫోన్స్ తీసేసి గది బయట చాలాసేపు కూర్చున్నాను. పోయిన మనిషి అంత గట్టిగా చెవిలో తుమ్ముతారని ఎవరనుకుంటారు.

స్టూడియో దస్త్రంలో 'సొంత సేకరణ నుంచి' అని రాశాను. ఇంట్లో పట్టిన కాపీ అంటే మా వాళ్ళు ఒప్పుకోరని భయం. తుమ్ము ముక్కని నా కాపీలోంచి కోసి విడిగా దాచాను, అసలు క్యాసెట్‌ని కదపలేదు. ఏటా ఆయన తద్దినానికి నీకిద్దామనుకుంటూనే మూడేళ్ళు గడిపాను, ఈలోగా ఈ చట్టం గొడవ వచ్చిపడింది. మా వాళ్ళ లెక్కలో అది దొంగ కాపీ. దాని మీదే నాకు బహుమతి వచ్చింది. ఇప్పుడు అలాంటి కాపీ వల్ల మేలు లేదని నా నోటితోనే చెప్పమంటున్నారు.

ఈ సంగతి మీ వాళ్ళ చెవిన వేస్తే మీ పక్షం గెలుస్తుంది, నా ఉద్యోగం పోతుంది. తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందని పెద్దలు ఊరికే అన్నారా. ఉత్తరం నీ చేతిలో పెడుతున్నాను, నీ ఇష్టం.

వదిన


కంపెనీ, పరీక్షల గది
మార్చి 27

వదినా,

మూడు రోజులు నీ మీద అలిగాను. మా నాన్న గొంతు మూడేళ్ళు నీ దగ్గర పెట్టుకుని, పండక్కీ పబ్బానికీ ఫోనుచేసి కూరలేం వండావని అడిగావు. దీనికి నువ్వు ఎప్పటికైనా సంజాయిషీ చెప్పాలి. నాలుగో రోజుకి, ఆ ఫ్యాను చప్పుడు తీయడానికి నాలుగు నెలలు కూర్చున్నావన్న సంగతి గుర్తొచ్చింది. మా ఇంటి ఫ్యాను నాకు తెలుసు. మూడు రెక్కలు మూడు రకాలుగా తిరిగేది. దాన్ని గడియారాల మధ్య నుంచి ఏరడం మనుషుల పని కాదు. అలక ఎలా తీరిందో తెలియకుండానే తీరిపోయింది.

మొన్న సమావేశంలో మా మేనేజరు బల్ల గుద్ది, ఇంటి కాపీ వల్ల బాగుపడ్డ సినిమా ఒక్కటి చూపించండి, ఒక్కటి చాలు అన్నారు. నీ ఉత్తరం నా సంచిలోనే ఉంది. సంచిని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. అది నీ పని, నీ మాట. నా వల్ల బయటికి వస్తే దొంగతనమే అవుతుంది, అసలైన దొంగతనం.

ఇంకొకటి. నీ డిస్కు మోగిస్తూ, నా తాళం యంత్రాన్ని దాని ముందు పెట్టాను. ఆఖరి రీలు రాగానే రికార్డు మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఆగింది. ఆ శబ్దాన్ని ఒకప్పుడు పట్టింది నేను. పట్టొద్దని యంత్రానికి నేర్పిందీ నేనే. పీట మీద ఆ రోజు ఈ యంత్రం, సినిమాలో మీ ముద్ర ఉండి ఉంటే పదకొండు నిమిషాలూ పోయేవి, నాన్నా పోయేవాడు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సాక్ష్యంలో నా కోసం ఏమీ చెప్పకు, నా కోసం ఏమీ దాచకు.

విప్పుడుకాయ


స్టూడియో, సౌండు గది
ఏప్రిల్ 5

మా అమ్మాయికి,

సంచి ఒళ్ళోకి లాక్కున్న సంగతి మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, మా చెల్లెలు కదా అన్నాడు. నేనొప్పుకోలేదు, నా ఆడపడుచు అన్నాను.

సాక్ష్యానికి సరేనన్నాను. ఎల్లుండే. దొంగచాటుగా ఉండకూడదని లాయరుగారికి అంతా ముందే చెప్పేశాను. ఆయన చాలాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి మంచి ఉపాయమే చెప్పారు. ఆ వాక్యం చెప్పక్కర్లేదట, ఆయనా అడగరట. శబ్దాలు బాగుచేయడం ఎంత కష్టమో, దొంగ కాపీలు మమ్మల్నెలా ముంచుతున్నాయో చెప్పి దిగిపోతే చాలట. పాము చావదు, కర్ర విరగదు. ఆయన చెప్పినవన్నీ నిజాలే, నేను నమ్మేవే. సరేననాలనిపించింది. ఈ గది వదిలి ఎక్కడికి పోతాను, నాకు ఇంకేం వచ్చు?

క్యాసెట్ మాత్రం సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో అడగకు, నాకే తెలియదు. నీ యంత్రం ఎలాగూ ఆ హాల్లోనే ఉంటుందిగా.

వదిన


ఇల్లు
ఏప్రిల్ 8

వదినా,

నువ్వు సాక్షుల బల్ల దగ్గర మాకు వీపు పెట్టి కూర్చున్నావు, వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను. మూడో వరసలో మా మేనేజరు పక్కన కూర్చున్నాను.

నువ్వు దొంగ కాపీల గురించి చెప్పినంతసేపూ మా వాళ్ళు మొహాలు వేలాడేసుకున్నారు. అంత బాగా చెప్పావు. నాకే మా యంత్రాల మీద అనుమానం వచ్చింది. మీ లాయరుగారు ఇంక చాలన్నట్టు కాగితాలు సర్దుకున్నారు. అప్పుడు అధ్యక్షురాలు కళ్ళజోడు మీద నుంచి చూసి, ఇంటి కాపీ వల్ల సినిమాకి మేలు జరగడం మీ అనుభవంలో ఉందా అని ఆవిడంతట ఆవిడే అడిగారు. లేదంటే అయిపోయేది. నువ్వు మంచినీళ్ళు తాగావు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు నాకు మూడో వరసలోకి వినిపించింది.

తరవాత నువ్వన్న మాటలు నాకు కంఠతా వచ్చు, అయినా రాసి పెట్టుకుంటున్నాను. "ఒకటుందండి. దానికే నాకు బహుమతి ఇచ్చారు. ఆ సినిమాని బతికించింది నేను కాదు, తొమ్మిదేళ్ళ పిల్ల. దొంగని పట్టుకోండి, నేనే ముందుండి సాయం చేస్తాను. దొంగ కోసమని ఇంటిల్లిపాదినీ కట్టిపడేయకండి."

నువ్వు క్యాసెట్ తీసి మోగించమన్నప్పుడు మా మేనేజరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గడియారాలు ఒక్కొక్కటే ఆగాయి. హాల్లో కుర్చీ కూడా కదల్లేదు. అప్పుడు నాన్న తుమ్మాడు. ఆ పెద్ద స్పీకర్లలో, అంత ఎత్తు హాల్లో. మీ లాయరుగారు ఉలిక్కిపడి కాగితాలు జారవిడిచారు. వెనకాల నా గొంతు, 'చిరంజీవ నాన్నా' అని. నవ్వబోయినవాళ్ళు కూడా ఆగిపోయారు.

రికార్డు రాసే ఆవిడ చెయ్యెత్తి, దీన్ని ఏమని రాయాలండీ అని అడిగింది. అధ్యక్షురాలు ఏమన్నారో నువ్వు విన్నావు. ఆవిడ మొహం మాత్రం నువ్వు తల వంచుకుని ఉండి చూడలేదు. కళ్ళజోడు తీసేసి అన్నారు. "తుమ్ము అని రాయండి. పక్కనే చిరంజీవ అని కూడా రాయండి."

ఆ తరవాత నా యంత్రాన్ని పెట్టి మీ డిస్కు మోగించారు. ఎర్ర దీపం వెలిగింది. ఇళ్ళలో వాడే యంత్రాల సంగతి మళ్ళీ మొదటి నుంచి రాసుకురమ్మని బిల్లుని వెనక్కి పంపారు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, నా రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి.

నీలాంటి మనిషిని నేను చూడలేదు వదినా. మా నాన్న ఉంటే నీకు ఎదురొచ్చి సంచి అందుకునేవాడు. నీ ఉద్యోగం సంగతేమిటో వెంటనే రాయి.

విప్పుడుకాయ


స్టూడియో, రీళ్ళ గోదాము
మే 2

మా విప్పుడుకాయకి,

ఉద్యోగం ఊడలేదు, కాస్త వదులైంది. దస్త్రంలో అబద్ధం రాసినందుకు సౌండు గది నుంచి తీసి గోదాములో డబ్బాలకి చీటీలు అంటించే పని ఇచ్చారు. ఏడాదిపాటు. అబద్ధం రాసిన మాట నిజమే కాబట్టి మారు మాట్లాడలేదు. నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారని తలుచుకుంటే మాత్రం బాధగానే ఉంది, ఎందుకు దాచాలి.

వెళ్ళేముందు మా స్టూడియో పెద్దాయన పిలిచి, దస్త్రంలో 'సొంత సేకరణ' అన్నది నా చేతే కొట్టివేయించి, సరైనది రాయమన్నారు. నీ పేరూ, నీ వయసూ, పీట మీద టేప్ రికార్డరు అనీ రాశాను. ఆయన చదివి, పీట అవసరమా అన్నారు. అవసరమేనన్నాను. ఉండనిచ్చారు.

వెళ్ళే రోజు సౌండు గదిలో ఆఖరి పనిగా నీకోసం ఒక క్యాసెట్ చేశాను, దీంతో పంపుతున్నాను. పదకొండు నిమిషాలు, ఫ్యానుతో సహా, నేను ఏదీ ఏరకముందు ఎలా ఉండేదో అలాగే. ముద్ర లేదు. ఎన్ని కాపీలు కావాలంటే అన్ని తీసుకో, ఎవరేమంటారో నేను చూస్తాను.

ఒక్కచోట మాత్రం చెయ్యి చేసుకున్నాను. చివర మావయ్యగారి తుమ్ముని కాపీ తీసి, దాని పక్కనే ఇంకోసారి అతికించాను. ఒంటి తుమ్ము మంచిది కాదని మీ నాయనమ్మ అంత వెంటపడేది కదా. అతుకు ఎక్కడుందో వెతకకు.

నీ వదిన